200 నానోమీటర్ల గోడ: బతికున్న కణాన్ని సూపర్ రిజల్యూషన్‌లో చూడాలంటే అసలు ఖర్చెంత?

200 మెగాపిక్సెల్ కెమెరా ఉన్న ఏదైనా ఫోన్ స్పెక్ షీట్ ఒకసారి తీయండి. పిక్సెల్ సైజు దాదాపు 0.6 మైక్రాన్లు అని కనిపిస్తుంది. లెన్స్ ఎపర్చర్ ఎఫ్/1.7 అనుకుందాం. లెన్స్ ఎంత పర్ఫెక్ట్‌గా చేసినా, దూరంగా ఉన్న చిన్న లైటు సెన్సర్ మీద సూదిమొనంత చుక్కగా పడదు. చిన్న బిళ్ళలా పరుచుకుంటుంది. ఆ బిళ్ళ వ్యాసం 2.44 × కాంతి తరంగదైర్ఘ్యం × ఎఫ్ నంబర్. పచ్చ కాంతికి 0.55 మైక్రాన్లు వేసి లెక్క కడితే సుమారు 2.3 మైక్రాన్లు వస్తుంది. అంటే ఒక్క చుక్క కాంతి నిలువునా అడ్డంగా నాలుగేసి పిక్సెళ్ళ మీద కూర్చుంది. ఇప్పుడు పిక్సెల్‌ని ఇంకా సగానికి కోసినా పెద్దగా కొత్త వివరం రాదు, ఉన్న మసకనే ఇంకా సన్నటి గళ్ళలో చూస్తాం అంతే.

ఈ మసకకి కారణం డిఫ్రాక్షన్. మన ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంలో వివర్తనం అని చదివి వదిలేసిందే. మైక్రోస్కోపులకి ఈ గోడ ఎక్కడుందో 1873లోనే జర్మనీలో ఎర్నెస్ట్ ఆబె చెప్పేశాడు. తరంగదైర్ఘ్యాన్ని లెన్స్ ఎన్‌ఏకి రెండు రెట్లతో భాగిస్తే వచ్చేదే అది. ఎన్‌ఏ అంటే లెన్స్ ఎంత వెడల్పాటి కోణం నుంచి కాంతిని పట్టుకోగలదో చెప్పే నంబర్. మంచి ఆయిల్ లెన్స్‌కి అది 1.4 వరకు ఉంటుంది. 500 నానోమీటర్ల కాంతికి లెక్క వేస్తే 180 వస్తుంది. అందుకే అందరూ గుండుగుత్తగా 200 నానోమీటర్లు అంటారు. లోతు దిశలో పరిస్థితి ఇంకా ఘోరం, 500 పైనే.

ఇక కణం లోపలికి వెళ్తే అక్కడి సైజులు వేరు. కణానికి రోడ్ల లాంటి మైక్రోట్యూబుల్ మందం 25 నానోమీటర్లు. నరాల కణాల్లో సిగ్నల్ మోసే సంచీలు సుమారు 40. కరోనా వైరస్ సుమారు 100. అన్నీ గోడకి అవతలే. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ వీటిని చూపిస్తుంది కానీ శాంపిల్‌ని వాక్యూమ్‌లో పెట్టాలి, దానికి ముందు కణాన్ని చంపి, గట్టిపరచి, కోయాలి. బతికున్న దాన్ని చూడాలంటే కాంతే దిక్కు.

ఆ గోడని దాటినందుకు 2014లో ఎరిక్ బెట్జిగ్, స్టెఫాన్ హెల్, విలియం మోర్నర్‌లకి కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. అది ఎలా దాటారో ఈ ఆర్టికల్‌లో చూద్దాం. దానితో పాటు ఇంకోటి కూడా. ఫోన్ కొనేటప్పుడు మెగాపిక్సెల్ నంబర్ ఒక్కటే చూసి మోసపోకూడదని మన సైట్ చదివేవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. మైక్రోస్కోపుల్లో నానోమీటర్ల నంబర్ కూడా అచ్చం అలాంటిదే. బతికున్న కణం విషయంలో మరీను.

ముందే ఒక మాట. నాది బ్యాకెండ్ ఉద్యోగం. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్న రోజే బయాలజీకి నమస్కారం పెట్టేశా. కాబట్టి ఇది కెమెరా, సిగ్నల్, లెక్కలు అనే వైపు నుంచి చెప్తున్న పాఠం.

ఫోన్‌లో ఉన్న సూపర్ రెస్ జూమ్ ఇదేనా?

కాదు, కానీ చుట్టరికం ఉంది. 2018లో పిక్సెల్ 3తో గూగుల్ సూపర్ రెస్ జూమ్ తెచ్చింది. ఫోన్ పట్టుకున్న చెయ్యి సన్నగా వణుకుతుంది కదా. వరసగా తీసిన ఫ్రేములు ఒక్కోటి పిక్సెల్‌లో కొంత భాగం అటో ఇటో జరిగి ఉంటాయి. వాటిని సరిగ్గా పేర్చి కలిపితే ఒక్క ఫ్రేములో లేని వివరం బయటికొస్తుంది. అయితే అది దాటింది సెన్సర్ గళ్ళ పరిమితిని మాత్రమే. లెన్స్ మసక అలాగే ఉంటుంది. మైక్రోస్కోప్ వాళ్ళు దాటింది ఆ లెన్స్ మసకనే. ఒక్క ఫోటో చాలదు, చాలా ఫ్రేములు తీసి కంప్యూటర్‌లో కలపాలి అన్న ఆలోచన మాత్రం అక్కడా ఇక్కడా చాలావరకు ఒకటే.

కణానికి లాగ్ స్టేట్‌మెంట్ పెట్టడం

కణం దాదాపు పారదర్శకంగా ఉంటుంది. మామూలుగా చూస్తే లోపల ఏది ఏదో తెలీదు. అందుకే కావాల్సిన ప్రోటీన్‌కి వెలిగే అణువుని తగిలిస్తారు. ఫ్లోరెసెంట్ అణువు నీలం కాంతిని మింగి పచ్చ కాంతిని వదులుతుంది. ఫిల్టర్‌తో నీలాన్ని ఆపేస్తే నల్లటి తెర మీద మనక్కావాల్సిన ప్రోటీన్ మాత్రమే పచ్చగా మెరుస్తుంది.

ఇందులో పెద్ద మలుపు ఒక జెల్లీఫిష్ నుంచి వచ్చింది. ఒసాము షిమోమురా 1962లో దాని నుంచి పచ్చగా వెలిగే ప్రోటీన్‌ని వేరు చేశాడు. పేరు జీఎఫ్‌పీ. 1994లో మార్టిన్ చాల్ఫీ బృందం ఆ జీన్‌ని బ్యాక్టీరియాలో, చిన్న పురుగులో పెడితే అవి తమంతట తామే వెలిగాయి. రోజర్ చెన్ దానికి రకరకాల రంగులు తెచ్చాడు. 2008 నోబెల్ ఈ ముగ్గురికి. మన భాషలో చెప్పాలంటే, ప్రోగ్రామ్ నడుస్తుండగా ఏ ఫంక్షన్ ఎక్కడుందో తెలియడానికి లాగ్ స్టేట్‌మెంట్ పెట్టినట్టు. కణం తన సొంత కోడ్ నుంచే ఆ లాగ్ రాస్తుంది, బయటి నుంచి రంగు పొయ్యక్కర్లేదు.

సమస్య ఏంటంటే అన్నీ ఒకేసారి వెలుగుతాయి. ప్రతి అణువూ 200 నానోమీటర్ల బిళ్ళ. పక్కపక్కన వెయ్యి బిళ్ళలు కలిసిపోతే మిగిలేది పచ్చటి పొగ.

దోమతెర, గారె, సీరియల్ లైట్లు

మొదటి పద్ధతి సిమ్. ఫోన్‌లో వేసే సిమ్ కాదు, స్ట్రక్చర్డ్ ఇల్యూమినేషన్ మైక్రోస్కోపీ. దోమతెరని రెండు మడతలు పెట్టి చూడండి. సన్నటి గళ్ళు రెండు ఒకదాని మీద ఒకటి పడగానే అసలు తెరలో లేని పెద్ద పెద్ద అలలు కనిపిస్తాయి. ల్యాప్‌టాప్ స్క్రీన్‌ని ఫోన్‌తో ఫోటో తీసినప్పుడు వచ్చే చారలూ ఇవే. కెమెరా రివ్యూల్లో వాటిని మోయిరే అని తిట్టుకుంటాం. సిమ్‌లో దాన్నే వాడుకుంటారు. శాంపిల్ మీద కావాలని చారల కాంతి వేస్తారు. లెన్స్‌కి అందనంత సన్నటి వివరం ఆ చారలతో కలిసి, లెన్స్‌కి అందే పెద్ద అలలుగా మారి బయటికొస్తుంది. చారలు ఎలాంటివో మనకి తెలుసు కాబట్టి వెనక్కి లెక్క కట్టి అసలు వివరాన్ని రాబట్టొచ్చు. మూడు కోణాలు, ఒక్కో కోణంలో మూడు జరుపులు, మొత్తం 9 ఫ్రేములు. మాట్స్ గుస్టాఫ్‌సన్ 2000లో చూపించాడు. లాభం రెండు రెట్లే, అంటే సుమారు 100 నానోమీటర్లు. చారలు కూడా కాంతే కాబట్టి వాటినీ అదే గోడ ఆపుతుంది. రెండు రెట్లేనా అని పెదవి విరవకండి, కాసేపట్లో దాని విలువ తెలుస్తుంది.

రెండోది స్టెడ్. 1994లో స్టెఫాన్ హెల్ ఫిన్లాండ్‌లో ఉండగా, యాన్ విష్‌మన్‌తో కలిసి కాగితం మీద ప్రతిపాదించాడు. ఒక లేజర్‌తో శాంపిల్‌లో చిన్న చోటుని వెలిగిస్తారు. వెంటనే గారె ఆకారంలో ఇంకో లేజర్ వేస్తారు, మధ్యలో చిల్లు అన్నమాట. గారె పిండి ఉన్న చోటల్లా ఆ రెండో లేజర్ అణువులని బలవంతంగా ఆర్పేస్తుంది. చిల్లులో ఉన్నవి మాత్రమే వెలుగుతాయి. ఆ చిల్లుని శాంపిల్ అంతా తిప్పుతూ ఒక్కో పిక్సెల్ నింపుతారు. రెండో లేజర్ పవర్ పెంచేకొద్దీ చిల్లు చిన్నదవుతుంది, బొమ్మ పదునెక్కుతుంది. సూత్రం ప్రకారం దీనికి కింది హద్దంటూ లేదు. కానీ లెక్క చూడండి. పదును పవర్ వర్గమూలంతో పెరుగుతుంది. పది రెట్లు పదును కావాలంటే ఆర్పే కాంతి దాదాపు వంద రెట్లు కావాలి. ఈ వంద రెట్లు గుర్తుపెట్టుకోండి.

మూడోదే నాకు బాగా నచ్చింది, ఎందుకంటే ఇది సగానికి పైగా సాఫ్ట్‌వేర్. వినాయక చవితి పందిరికి సీరియల్ లైట్లు కడతారు కదా. చాలా దూరం నుంచి చూస్తే అన్నీ కలిసి ఒకే వెలుగు ముద్ద. అదే లైట్లు ఎక్కడో ఒకటి, ఎక్కడో ఒకటి చొప్పున వెలిగి ఆరుతుంటే? ఒక్కో లైటు మసకగానే కనిపిస్తుంది, కానీ ఆ మసక మధ్యబిందువు ఎక్కడుందో కచ్చితంగా చెప్పొచ్చు. నోట్ చేసుకుంటాం, తర్వాత లైటు కోసం చూస్తాం. వేల ఫ్రేముల తర్వాత నోట్ చేసుకున్న చుక్కలన్నీ ఒక కాగితం మీద పెడితే పందిరి ఆకారం వచ్చేస్తుంది.

ఒక్కో అణువుని విడిగా పట్టుకోవడం మోర్నర్ 1989లో సాధ్యం చేశాడు. 1997లో, జీఎఫ్‌పీ రకాల్లో ఒకదాన్ని ఆరిపోయాక మళ్ళీ వెలిగించొచ్చని చూశాడు. 2002లో జార్జ్ ప్యాటర్సన్, జెన్నిఫర్ లిపిన్‌కాట్-ష్వార్ట్జ్ కాంతితో ఆన్ చేయగల జీఎఫ్‌పీ తయారు చేశారు. బెట్జిగ్ కథ సినిమాకి పనికొస్తుంది. బెల్ ల్యాబ్స్‌లో ఉద్యోగం వదిలేసి మిషిగన్‌లో నాన్న మెషీన్ టూల్ కంపెనీలో పనిచేశాడు. ఆ తర్వాత ఈ ప్రోటీన్ సంగతి విని, స్నేహితుడు హరాల్డ్ హెస్‌తో కలిసి హెస్ ఇంటి హాల్లో మైక్రోస్కోప్ కట్టాడు. 2006లో పామ్ అనే పేరుతో పేపర్ వచ్చింది. అదే ఏడాది హార్వర్డ్‌లో షావోవెయ్ జువాంగ్ బృందం స్టార్మ్ అని, శామ్యూల్ హెస్ బృందం ఎఫ్‌పామ్ అని దాదాపు ఇదే ఐడియాతో వచ్చాయి.

దీని వెనకున్న లెక్క పైథాన్‌లో పది లైన్లు. ఒక అణువు 0 దగ్గర ఉందనుకోండి. దాని నుంచి వచ్చే ప్రతి ఫోటాన్ 100 నానోమీటర్ల స్టాండర్డ్ డీవియేషన్‌తో ఎక్కడో పడుతుంది. నంపైలో ఎన్ ర్యాండమ్ నంబర్లు తీసి సగటు చూడండి. దీన్ని వెయ్యిసార్లు చేసి ఆ సగటులు ఎంత చెదిరాయో చూస్తే 100 ÷ √ఎన్ వస్తుంది. 100 ఫోటాన్లకి 10 నానోమీటర్లు. 400కి 5. 10,000కి 1. లెన్స్ మారలేదు, మసక మారలేదు, లెక్క మాత్రమే మారింది. అసలు కోడ్‌లో పిక్సెల్ సైజు, బ్యాక్‌గ్రౌండ్ నాయిస్ కూడా కలిపి గాసియన్ ఫిట్ చేస్తారు, కానీ సారం ఇదే. ఫోటాన్లే డబ్బు. ఎన్ని ఖర్చు పెడితే అంత పదును.

సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఈ పనికి వాడే సైంటిఫిక్ కెమెరాల్లో చాలావాటికి ఉండేది 4 మెగాపిక్సెళ్ళే. కానీ పిక్సెల్ 6.5 మైక్రాన్లు, ఫోన్ పిక్సెల్ కంటే వెడల్పులో పది రెట్లు పెద్దది. ఒక్క ఫోటాన్ కూడా వృథా కాకూడదన్నదే అక్కడ డిజైన్ అంతా.

ఇప్పుడు కణం బతికుంది, కదులుతోంది

ఇక్కడి నుంచి స్పెక్ షీట్ అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది.

కణంలో సరుకు మోసే కైనెసిన్ అనే మోటార్ ప్రోటీన్ ఉంది. మైక్రోట్యూబుల్ మీద సెకనుకి దాదాపు 1 మైక్రాన్, అంటే 1000 నానోమీటర్లు నడుస్తుంది. మీ మైక్రోస్కోప్ రిజల్యూషన్ 50 నానోమీటర్లు అనుకుంటే, ఆ సరుకు 50 నానోమీటర్లు జరిగేలోపే, అంటే 50 మిల్లీసెకన్లలో బొమ్మ పూర్తవ్వాలి. లేకపోతే రాత్రిపూట కదిలే బైకుని నైట్ మోడ్‌లో తీసినట్టు గీత వస్తుంది.

పామ్‌కి 10,000 ఫ్రేములు కావాలి, సెకనుకి 100 ఫ్రేములు తీస్తున్నాం అనుకోండి. మొత్తం 100 సెకన్లు. ఈలోగా సరుకు 1,00,000 నానోమీటర్లు, అంటే 100 మైక్రాన్లు నడుస్తుంది. చాలా కణాల్లో ఇటు చివర నుంచి అటు చివరకి చేరేంత దూరం అది. అదే సిమ్‌కి 9 ఫ్రేములు, ఒక్కోటి 10 మిల్లీసెకన్లు, మొత్తం 90 మిల్లీసెకన్లు. సరుకు జరిగేది 90 నానోమీటర్లు. సిమ్ రిజల్యూషన్ 100. సరిగ్గా సరిపోయింది! స్పెక్ షీట్ మీద 20 నానోమీటర్ల పామ్ ముందు 100 నానోమీటర్ల సిమ్ బడ్జెట్ ఫోన్‌లా కనిపిస్తుంది. కదిలే సరుకు దగ్గర మాత్రం గెలిచేది అదే.

ఇందాకటి పైథాన్ కోడ్‌లో ఒక్క లైన్ మార్చి చూడండి. అణువుని 100 మిల్లీసెకన్ల ఎక్స్‌పోజర్‌లో 0 నుంచి 100 నానోమీటర్ల దాకా నడిపించండి. 10,000 ఫోటాన్ల సగటు 50 అని చూపిస్తుంది, 1 నానోమీటర్ కాస్త అటూ ఇటూగా. అణువు అప్పటికి 100 దగ్గరుంది. ఎర్రర్ బార్ బుల్లిది, జవాబు 50 నానోమీటర్లు తప్పు. ఫోటాన్లు ఎన్ని పెంచినా ఆ 50 తగ్గదు.

వేగంగా తీయాలంటే కాంతి పెంచాలి. అక్కడ రెండో దెబ్బ. నడినెత్తిన ఎండ చదరపు సెంటీమీటరుకి సుమారు 0.1 వాట్. భూమ్మీద కణాలు అలవాటు పడింది దానికి. పామ్, స్టార్మ్‌లలో వాడేది కిలోవాట్లలో ఉంటుంది. స్టెడ్ గారె లేజర్ ఫోకస్ దగ్గర మెగావాట్లు దాటుతుంది. అది మైక్రాన్ కంటే చిన్న చోట, క్షణంలో కొంత భాగమే పడుతుంది కాబట్టి కణం వెంటనే ఉడికిపోదు. కానీ వెలిగే అణువులు కాంతిని మింగినప్పుడు రియాక్టివ్ ఆక్సిజన్ పుడుతుంది. అది ప్రోటీన్లనీ, పొరలనీ, డీఎన్ఏనీ కొరుకుతుంది. దీన్నే ఫోటోటాక్సిసిటీ అంటారు. పొడవాటి దారాల్లా ఉండే మైటోకాండ్రియా తెగి గుండ్రటి ఉండలవుతాయి. విడిపోవాల్సిన కణం విడిపోకుండా ఆగిపోతుంది. నీలం, ఊదా కాంతితో నష్టం ఎక్కువ, ఎరుపుతో తక్కువ. పామ్‌లో అణువులని ఆన్ చేయడానికి వాడేది మామూలుగా 405 నానోమీటర్ల ఊదా కాంతే, అదే ఇబ్బంది.

అసలు భయం కణం చచ్చిపోతుందని కాదు. చస్తే తెలిసిపోతుంది. బతికే ఉండి, కాంతి దెబ్బకి వేరేలా ప్రవర్తిస్తే? మనం చూస్తున్నది జీవితమా, లేక మన లేజర్‌కి భయపడిన కణమా? డీబగ్గర్ పెడితే బగ్ మాయమయ్యే అనుభవం మనలో చాలామందికి ఉంది, ఇది దానికి పెద్దన్న. అందుకే మంచి ల్యాబ్‌లు పక్కనే కాంతి వేయని కణాలని కూడా ఉంచి, రెండూ ఒకేలా విడిపోతున్నాయా, ఒకే వేగంతో కదులుతున్నాయా అని పోల్చి చూస్తాయి. ఆ పోలిక లేని పేపర్‌లో ఎంత అందమైన వీడియో ఉన్నా నాకు నమ్మకం కుదరదు.

పైగా వెలిగే అణువు దగ్గర ఫోటాన్ల స్టాక్ కూడా పరిమితం. కొన్ని ఇచ్చాక శాశ్వతంగా ఆరిపోతుంది. కాబట్టి రిజల్యూషన్, స్పీడ్, ఎంతసేపు చూడగలం, కణం ఆరోగ్యం, ఈ నాలుగింటికీ జేబు ఒకటే. ఒకదానికి ఎక్కువ ఇస్తే మిగతా వాటిలో కోత పడుతుంది.

ఈ జేబుని తెలివిగా వాడే దారులు వెతికింది మళ్ళీ బెట్జిగ్ వాళ్ళే. 2014లో వచ్చిన లాటిస్ లైట్ షీట్‌లో కాంతిని పై నుంచి కిందికి మొత్తం గుచ్చరు. పక్క నుంచి పల్చటి పొరలా వేసి, లెన్స్ చూస్తున్న పొరని మాత్రమే వెలిగిస్తారు. రిజల్యూషన్ నంబర్ పెద్ద గొప్పగా ఉండదు. కణం మాత్రం చాలాసేపు బాగుంటుంది. బెట్జిగ్‌కి నోబెల్ వచ్చింది పామ్‌కి, కానీ బతికున్న కణాల దగ్గరికొచ్చేసరికి ఆయనే నానోమీటర్ల పందెం పక్కనపెట్టాడు.

ఇంత కష్టపడి ఏం చూశారు?

నరాల కణానికి యాక్సాన్ అనే పొడవాటి తీగ ఉంటుంది. దాని లోపలి గోడకి యాక్టిన్ అనే ప్రోటీన్ ఉందని ముందే తెలుసు, మామూలు మైక్రోస్కోప్‌లో నున్నటి గీతలా కనిపించేది. 2013లో జువాంగ్ బృందం స్టార్మ్‌తో చూస్తే అవి రింగులు! వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టంలా, సుమారు 190 నానోమీటర్లకి ఒకటి చొప్పున. ఆ అంకె చూడండి, సరిగ్గా ఆబె గోడ దగ్గరుంది. అందుకే అన్నేళ్ళు గీతలా కనిపించింది. ఆ స్టార్మ్ బొమ్మలు రసాయనంతో గట్టిపరిచిన కణాలవి. మరి ఆ రసాయనం వల్లే రింగులు వచ్చాయేమో? ఆ అనుమానం తీర్చింది స్టెడ్. కాసేపటికే బతికున్న నరాల కణాల్లో అవే రింగులని చూపించారు. హెల్ బృందం అంతకుముందే, 2012లో, బతికున్న ఎలుక మెదడులో నరాల కొమ్మల మీది చిన్న ముళ్ళు కదలడాన్ని స్టెడ్‌తో చూసింది.

ఇంకోటి ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్. పాఠ్యపుస్తకాల బొమ్మల్లో కణం అంచుల వైపు కూడా దీన్ని గొట్టాలు, పలకలు అని గీస్తారు. 2016లో లిపిన్‌కాట్-ష్వార్ట్జ్, బెట్జిగ్ తదితరులు వేగంగా తీసే సిమ్ రకంతో పాటు ఇంకొన్ని పద్ధతులు కలిపి చూస్తే, అంచుల్లో పలకలు అనుకున్న వాటిలో చాలావరకు గట్టిగా అల్లుకున్న గొట్టాల వల అని తేలింది. ఆ గొట్టాలు ఎంత వేగంగా కదులుతాయంటే, నెమ్మదిగా తీస్తే వలలో కన్నాలు పూడిపోయి పలకలా కనిపిస్తుంది. ఇక్కడ పాత బొమ్మని తప్పించింది నానోమీటర్లు మాత్రమే కాదు, మిల్లీసెకన్లు కూడా.

ఏఐతో సరిచేస్తే పోదా?

చేస్తున్నారు. 2018లో వచ్చిన కేర్ అనే పద్ధతిలో ఒకే శాంపిల్‌ని తక్కువ కాంతితో ఒకసారి, ఎక్కువ కాంతితో ఒకసారి తీసి, ఆ జంటలతో న్యూరల్ నెట్‌వర్క్‌కి శిక్షణ ఇస్తారు. తర్వాత కణం మీద తక్కువ కాంతి వేసి తీసినా, నెట్‌వర్క్ నాయిస్ తీసేసి శుభ్రమైన బొమ్మ ఇస్తుంది. కణానికి మేలే.

కానీ 2023లో ఫోన్లలో చంద్రుడి ఫోటోల గొడవ గుర్తుందా? మసకగా ఉన్న చంద్రుడి బొమ్మని మానిటర్ మీద పెట్టి ఫోటో తీస్తే, అందులో లేని గుంతలని ఫోన్ తెచ్చి పెట్టింది. చంద్రుడు ఎలా ఉంటాడో నెట్‌వర్క్‌కి ముందే తెలుసు కాబట్టి. మనకి అది సరదా చర్చ. ల్యాబ్‌లో అదే జరిగితే, శిక్షణలో చూసిన కణాల ఆకారాన్ని కొత్త కణం మీద అతికించినట్టు. జబ్బు చేసిన కణంలో ఆకారం వేరుగా ఉండటమే అసలు కనుక్కోవాల్సిన విషయం అయినప్పుడు, నెట్‌వర్క్ దాన్ని మామూలు కణంలా సర్ది చూపిస్తే ఏం మిగిలింది? నా లెక్కలో నాయిస్ తీయడానికి ఏఐ ఓకే. 200 నానోమీటర్ల మసక నుంచి 50 నానోమీటర్ల కొత్త నిర్మాణాన్ని ఏఐ ఒక్కటే కనుక్కుంది అంటే, అదే చోటుని వేరే పద్ధతితో కూడా చూపించమని అడగాలి.

మీరే ట్రై చేయాలంటే

లేజర్లు అక్కర్లేదు. ఫిజీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకుని, అందులో థండర్‌స్టార్మ్ ప్లగిన్ వేసుకోండి. స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్ వాళ్ళు నడిపిన లోకలైజేషన్ సాఫ్ట్‌వేర్ పోటీ డేటా అందరికీ అందుబాటులో ఉంది, అందులోంచి మైక్రోట్యూబుల్ సెట్ ఒకటి తీసుకోండి. మొదట ఫ్రేములన్నిటినీ సగటు చేసి చూడండి, మసక ముద్ద వస్తుంది. తర్వాత ప్లగిన్ నడపండి, దారాలు విడివిడిగా తేలతాయి. ఆ తర్వాత మొత్తం ఫ్రేముల్లో మొదటి ఇరవయ్యో వంతుతో మాత్రమే నడపండి. ప్రతి చుక్కా అంతే కచ్చితంగా ఉంటుంది, ప్లగిన్ చూపించే నానోమీటర్ల ప్రిసిషన్ కూడా దాదాపు మారదు. దారం మాత్రం ఉండదు, చెల్లాచెదురుగా చుక్కలే. 20 నానోమీటర్ల వివరం కనిపించాలంటే కనీసం 10 నానోమీటర్లకి ఒక చుక్క పడాలి. అన్ని చుక్కలు పడేదాకా ఆ కణం కదలకుండా కూర్చోవాలి.